మనోహర్, తండ్రి సోములు

కోల్‌కతా
14 జూలై 2024

అత్తయ్యా,

వినికిడి మిషను పెట్టుకుంటే చెవిలో ఈగ దూరినట్టుందని నువ్వు దాన్ని డబ్బాలో పెట్టి మూతేశావట. మీ అబ్బాయి జయంత్ ఫోన్ చేసి నీ మీద ఫిర్యాదు చేశాడు. నాకైతే సంతోషమే. ఫోన్లో ఇద్దరం అరుచుకునే బదులు ఇలా రాసుకుంటేనే బాగుంది. నా దస్తూరీని మాత్రం తిట్టకు.

రోజంతా ఆ రక్తంతో ఏం చేస్తావే అని అడిగావు. పదేళ్లలో మనవాళ్లెవరూ నన్ను ఈ మాట అడగలేదు. మా ఆయన శ్యామసుందర్ కూడా ఎవరైనా అడిగితే "నాదీ బ్యాంకే, ఆవిడదీ బ్యాంకే, ఆవిడది రక్తం బ్యాంకు" అని నవ్వేసి ఊరుకుంటాడు. అందుకని నీకు వివరంగా రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

రక్తం గ్రూపు అంటే అందరికీ ఏ, బీ, ఓ అనే తెలుసు. కానీ ఎర్రకణాల మీద ఇంకా చాలా గుర్తులుంటాయి. కొన్ని గుర్తులు లోకంలో దాదాపు అందరికీ ఉంటాయి. ఎక్కడో ఒకరు అలాంటి గుర్తు లేకుండా పుడతారు. లేదన్న సంగతి వాళ్లకే తెలియదు. ఎప్పుడైనా మామూలు రక్తం ఎక్కించారనుకో, వాళ్ల ఒళ్లు దాన్ని పరాయిదని గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి ఎక్కిస్తే విరగ్గొట్టేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి మనుషులను ముందే వెతికి పెట్టడం నా పని. ఇక్కడ వీధికో క్లబ్బు, క్లబ్బుకో రక్తదాన శిబిరం, రక్తం ఇచ్చినవాళ్లకి టిఫిన్ క్యారియరో గోడగడియారమో. శాంపిళ్లకు కొదవ లేదు. అలాంటి గుర్తుల్లో ఒకటి లేని రక్తం కోసం వేల శాంపిళ్లు చూశాను. దొరికింది ఒక్కటి. మా ప్రొఫెసర్‌గారు దీన్ని వసుధ వెర్రి అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నెల మొదట్లో పుష్పరాణి అని ఒకమ్మాయి వచ్చింది. వాట్‌గంజ్‌లో మునిసిపల్ క్వార్టర్స్‌లో ఉంటారు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలవలు తీసే పనిలో కుదిరారు. నాతో బెంగాలీలో మొదలుపెట్టి, నా పేరు చదువుకుని, "మీరు తెలుగోల్లా?" అని తెలుగులోకి దిగింది. ఐదో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, ఏదో నర్సింగ్‌హోంలో బాగా రక్తం పోతే రెండు సంచులు ఎక్కించారట. ఇప్పుడు ఆమె రక్తాన్ని మా దగ్గరున్న ఏ సంచితో కలిపినా పాలు విరిగినట్టు విరిగిపోతోంది. నేను వెతుకుతున్న గుర్తు ఆమెకు లేదు.

భయాలు రెండు. కాన్పులో మళ్లీ రక్తం పోతే ఎక్కించడానికి సంచి లేదు. రెండోది కడుపులో బిడ్డ. బిడ్డకు తండ్రి నుంచి ఆ గుర్తు వచ్చి ఉంటే తల్లి ఒళ్లే బిడ్డ రక్తాన్ని విరగ్గొట్టవచ్చు. తండ్రిని పరీక్షకు రమ్మంటే రావడం లేదు. పేరు సింహాచలం. డ్యూటీలో తీరిక లేదట.

కానీ విను. నాకు దొరికిన ఆ ఒక్క దాత వివరాలు తీశాను. రెండేళ్ల కిందట పూజా క్లబ్బు శిబిరంలో రక్తం ఇచ్చాడు. మనోహర్, తండ్రి సోములు, వాట్‌గంజ్, మునిసిపల్ ఉద్యోగి. పుష్పరాణి తండ్రి పేరు సోములే. ఆయన పోయి చాలాకాలమైంది. అంటే ఈ మనోహర్ ఆమెకు అన్నే కావాలి. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. చెకప్‌కి వచ్చి బయట కూర్చున్న ఆమె దగ్గరికి పరుగున వెళ్లి, నీకు అన్నదమ్ములున్నారా అని అడిగాను. ఆమె నేల చూసి, "నేరండి" అంది. లేరట.

ఇది ఎలా సాధ్యమో నువ్వే చెప్పు.

నీ
వసుధ


విజయనగరం
24 జూలై 2024

చి.సౌ. వసుధకి మేనత్త దుర్గాంబ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి రక్తం కోసం, రెండోసారి ఆ పిల్ల కోసం. మేనకోడలు ఇంత గొప్ప పని చేస్తోందని పదేళ్లుగా తెలియకుండా, అడిగినవాళ్లందరికీ కాంపౌండరు పనిలాంటిదేదో అని చెప్పుకొచ్చాను. తప్పు నాదే అనుకో, నీది కూడా కొంచెం ఉంది.

నాకొకటి అర్థం కాలేదు. ఆ గుర్తు లేకుండా పుట్టాలంటే ఆ లోటు తల్లి నుంచీ రావాలి, తండ్రి నుంచీ రావాలి కదా. లోకంలో అందరికీ ఉన్నది మొగుడూ పెళ్లాలిద్దరిలోనూ ఒకేలా తరుగు పడిందంటే, ఆ సోములూ ఆయన భార్యా ముందే బంధువులై ఉండాలి. ఈ పాఠం నాకు నేర్పింది నువ్వే. పదిహేనేళ్ల కిందట మా జయంత్‌కి నిన్ను చేసుకుందామని నేను ఆశపడితే, నా భోజనాల బల్ల మీద మగవాళ్లకి గళ్లూ ఆడవాళ్లకి సున్నాలూ గీసి, మేనరికంలో రక్తం దోషాలు ఎలా రెట్టింపవుతాయో వివరించావు. నీ బొమ్మకి బదులు చెప్పలేక నోరు మూసుకున్నాను. తర్వాత నీరజ వచ్చింది, బంగారంలాంటి కోడలు, అది వేరే సంగతి. బొమ్మ మాత్రం మరిచిపోలేదు.

వెళ్లి ఆ తల్లిని చూడు. మనుషులు చెప్పని సంగతి ఇల్లు చెబుతుంది. వెళ్లగానే సూది తీయకు. ఇచ్చిన టీ తాగు. మీ ఆయన్ని అడిగానని చెప్పు.

మీ అత్త
దుర్గాంబ


కోల్‌కతా
11 ఆగస్టు 2024

అత్తయ్యా,

నీ మాట సగమే విన్నాను. టీ తాగాను కానీ ఫైలు పట్టుకుని వెళ్లాను. దాని ఫలితం ఇదీ.

వర్షానికి వాట్‌గంజ్ రోడ్డంతా బురద, పోర్టు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. క్వార్టర్స్ ముందు పంపు దగ్గర పున్నమ్మ అని ఒకావిడ బిందె పెట్టుకుని కూర్చుంది. సోములుగారి అబ్బాయి మనోహర్ ఇల్లేదని అడిగాను. "ఆడు డ్యూటీకెల్లాడు, సాయంకాలం రా" అని మేడమీదికి చూపించింది. అప్పుడు ఆవిడ దృష్టి నా మెడలోని గుర్తింపు కార్డు మీదా చేతిలోని ఫైలు మీదా పడింది. "ఏ మనోహరో నాకేటి తెల్సు" అని బిందె కూడా నింపుకోకుండా లేచిపోయింది.

పైన పుష్పరాణి తల్లి అప్పలకొండమ్మ ఉంది. మర్యాదగా కూర్చోబెట్టింది, టీ ఇచ్చింది. గోడ మీద దండ వేసిన ఒక పిల్లవాడి ఫోటో. ఎవరని అడిగాను. "మావోడేనమ్మా, మనోహరు. తొమ్మిదో ఏట పసిరికలొచ్చి ఎల్లిపోనాడు" అంది. పచ్చకామెర్లట. ఆ పిల్లవాడి కళ్లు అచ్చం పుష్పరాణి కళ్లే.

తొమ్మిదో ఏట పోయిన పిల్లవాడు రెండేళ్ల కిందట మా శిబిరంలో రక్తం ఇచ్చి టిఫిన్ క్యారియర్ పట్టుకెళ్లాడు, అత్తయ్యా. అతని రక్తం శాంపిల్ మా ఫ్రీజర్‌లో ఉంది. నేను దయ్యాలను నమ్మను కానీ ఆ రాత్రి దీపం ఆర్పకుండానే పడుకున్నాను.

వాళ్లకి ఇంకో మనోహర్ ఉన్నాడేమో అని మర్నాడు మళ్లీ వెళ్లాను. నలుగురైదుగురిని అడిగాను. ఒక్కరూ నోరు విప్పలేదు. పిల్లలు కూడా నన్ను చూసి లోపలికి వెళ్లిపోయారు. ఇక ఈ వారం పుష్పరాణి చెకప్‌కి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నేనేదో పొరపాటు చేశాను, ఏమిటో తెలియడం లేదు.

కాన్పు చూసే డాక్టరుగారు స్కానింగ్‌లో బిడ్డ ప్రస్తుతానికి బాగానే ఉందంటున్నారు. కానీ తండ్రి రక్తం సంగతి తెలియకుండా ధైర్యం చేయలేమట. నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీసేయాలనుకుంటున్నారు. నెలలు నిండని బిడ్డ, సంచి లేని తల్లి. నాకు చాలా భయంగా ఉంది.

వసుధ


విజయనగరం
20 ఆగస్టు 2024

వసూ,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది, అన్నం కంచం పక్కకు జరిపి బదులు రాస్తున్నాను.

నేను మునిసిపల్ ఆఫీసులో సిబ్బంది సెక్షన్లో ఏం చేసేదాన్నో నువ్వూ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు చెబుతాను. పనిలో ఉండగా చనిపోయినవాళ్ల ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చే ఫైళ్లన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. సోములు పనిలో ఉండగానే పోయి ఉంటాడు. సర్వీసు పుస్తకంలో ఆయన కొడుకు మనోహర్ అని ఎప్పుడో రాయించి ఉంటాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు పోతే ఏ తండ్రీ ఆఫీసుకొచ్చి ఆ పేరు కొట్టించడు. కొట్టించడానికి చేతులు రావు. ఆ తర్వాత తండ్రీ పోయాడు. పుష్పరాణి అప్పటికి చిన్నపిల్లై ఉంటుంది. ఉద్యోగం లేకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఆఫీసువాళ్లు కొడుకు మనోహర్‌ని రమ్మని కబురు పంపి ఉంటారు.

అప్పుడు ఆ అప్పలకొండమ్మ ఏం చేసి ఉంటుందో నువ్వే ఆలోచించు. కొడుకు పేరు మీద ఉద్యోగం చేసేవాడు పరాయివాడైతే జీతం పట్టుకుని ఎటో పోతాడు. సొంత ఆడబిడ్డ కొడుకైతే ఎటూ పోడు, పైగా ఆ గుర్తు అతనికీ లేదంటే రక్తసంబంధం ఉన్నట్టే. వాణ్ని ఊరి నుంచి పిలిపించి మనోహర్‌ని చేసింది. పిల్ల పెద్దయ్యాక ఎలాగూ వరసైనవాడే కాబట్టి అల్లుణ్నీ చేసుకుంది. ఆఫీసులో మనోహర్, ఇంట్లో సింహాచలం. పరీక్షకు రాకుండా తప్పించుకునేదీ అందుకే. క్వార్టర్స్‌లో ఈ సంగతి తెలియనివాళ్లుండరు, చెప్పేవాళ్లూ ఉండరు. నువ్వు మెడలో కార్డు వేసుకుని, ఫైలు పట్టుకుని, సోములు కొడుకు మనోహర్ ఎక్కడ అని ఇల్లిల్లూ తిరిగావు. విజిలెన్స్‌వాళ్లు వచ్చారనుకుని ఉంటారు పాపం.

తప్పో ఒప్పో నన్నడగకు. ఆ పిల్లకి రక్తం కావాలి, ముందది చూడు. ఈసారి చేతులు ఊపుకుంటూ వెళ్లు. పేరు పెట్టి ఎవర్నీ అడగకు, నువ్వు ఎవరివో ముందు చెప్పుకో. నాకు రాసిన పేర్లు ఇంకెవరికీ రాయకు. నా చెవులు ఎలాగూ పనిచేయవు, నోరు కూడా మూసుకుంటాను.

అత్త


కోల్‌కతా
15 సెప్టెంబరు 2024

అత్తయ్యా,

నువ్వు అనుకున్నదే నిజం. అది చదివిన వెంటనే నాకు తట్టిన సంగతి ముందు రాస్తాను, లేకపోతే ఉండబట్టడం లేదు. మనోహరూ సింహాచలమూ ఒకడే అయితే బిడ్డకు ప్రమాదమే లేదు. తల్లికి ఆ గుర్తు లేదు, తండ్రికీ లేదు, ఇక బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది? బిడ్డ రక్తం తల్లికి పరాయిగా కనిపించదు. నెలలు నిండేదాకా హాయిగా ఉండనివ్వవచ్చు. మేనరికం వద్దని నీ బల్ల మీద గళ్లూ సున్నాలూ గీసినదాన్ని, ఇప్పుడు ఒక మేనరికం చూసి ఎగిరి గంతేశాను. నవ్వుకో.

అతన్ని కలిశాను. పంపు దగ్గర పున్నమ్మ పక్కన కూర్చుని, నేను ఆఫీసు మనిషిని కాను, పుష్పరాణి కోసం వచ్చిన రక్తం డాక్టర్ని అని చెప్పుకున్నాను. ఆవిడ నా ఖాళీ చేతులు చూసి, లేచి వెళ్లి అతన్ని పిలుచుకొచ్చింది. ముప్పై దాటని మనిషి. అప్పుడే డ్యూటీ దిగి, పైన ఇంట్లో కాళ్లు కడుక్కుంటున్నాడట. అతని కథంతా నువ్వు చెప్పినట్టే. మేనమామ మ్యాన్‌హోల్‌లో దిగి గాలాడక పోయాడు. నెల తిరగకుండా అత్త ఇతన్ని పలాస నుంచి రప్పించింది. శిబిరం రోజున వీళ్ల మేస్త్రీ అందరి పేర్లూ రాయించేస్తే, వద్దంటే అనుమానమని వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాడు.

బిడ్డకు ప్రమాదం లేదని చెప్పాను. అతను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. "మీకు దండమెడతాను. నా రగతం ఎంత కావాలో లాగీసుకోండి. పేరు మాత్రం రాయొద్దు" అన్నాడు. పేరు రాయకుండా ఎలా కుదురుతుందని అడిగితే ఇలా అన్నాడు:

"ఆఫీసుల నాను దానికి అన్ననండి. ఆస్పత్రిల మొగుణ్ని. రెండు కాయితాలూ ఒక్క బల్ల మీద పడితే మా బతుకేటవుద్దో మీరే సెప్పండి."

ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, అప్పలకొండమ్మ పింఛను మీద కూడా కేసు పడుతుంది.

ఎవరో ముక్కూ మొహం తెలియని దాత అని రాసి కానిచ్చేద్దామంటే అదీ కుదరదు. ముక్కూ మొహం తెలియనివాడు గేటు తీస్తే కుక్క మొరుగుతుంది, రోజూ వచ్చే చుట్టం తీస్తే మొరగదు కదా. దగ్గరి బంధువుల రక్తం అలాంటిది. అందులోని తెల్లకణాలను రోగి ఒళ్లు అడ్డుకోదు. అవి లోపల తిష్ఠ వేసి రోగినే తినేస్తాయి. అందుకే బంధువు రక్తాన్ని కిరణాల యంత్రంలో పెట్టి, ఆ కణాలను చంపి, అప్పుడు ఎక్కించాలి. ఉత్త మొగుడనో పరాయి దాత అనో రాస్తే యంత్రంలో పెట్టరు. బంధుత్వం దాస్తే పుష్పరాణి ప్రాణానికే మోసం. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

పైగా మా ప్రొఫెసర్‌గారు. ఒకే కుటుంబంలో ఇద్దరు దొరికారని తెలిసి, నాలుగేళ్లుగా నా పనిని వెర్రి అన్నాయన ఇప్పుడు రోజూ నా గదికి వస్తున్నారు. కుటుంబ వృక్షం గీసి, ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తింపు కార్డులతో సహా జతచేస్తే పెద్ద పత్రికలో పడుతుందట. ఒక్క గుర్తు కోసం ఇన్నేళ్లు కూర్చున్నాను, అత్తయ్యా. ఆ వృక్షం గీయాలని నాకూ ఉంది. చాలా ఉంది. కానీ అది గీస్తే అతను చెప్పిన రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పడతాయి.

ఏం చేయమంటావు?

వసుధ


విజయనగరం
27 సెప్టెంబరు 2024

వసూ,

గోటితో పోయేదానికి గొడ్డలి తీయకు. మీ దాత ఫారంలో ఉన్న ప్రశ్న ఏమిటో సరిగ్గా చదువు. రోగికి ఏమవుతారు అని అడిగారా, రక్తబంధువా కాదా అని అడిగారా? నాకు తెలిసినంతలో మీకు కావాల్సింది రెండోదే. మేనబావ అయినా రక్తబంధువే, కాగితాల్లో అన్న అయినా రక్తబంధువే. ఔనని గుర్తు పెట్టు. ఏ ఆఫీసువాడు వచ్చి చూసినా అది అబద్ధం అనలేడు, నీ యంత్రానికీ అంతే చాలు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. అడిగినదానికి నిజం రాయాలి, అడగనిదానికి కాగితం పాడుచేయకూడదు.

వృక్షం సంగతి నేను చెప్పను. అది నీ చెమట, నీ ఇష్టం. గీయాలనుకుంటే ముందు ఆ ఇంటి మనుషుల్ని అడుగు, వాళ్లు ఏమంటే అది.

ఇంకొకటి ఉంది, ఇన్నేళ్లూ ప్రస్తావన రాలేదు కానీ ఇప్పుడు రాయాలనిపించింది. నువ్వు గళ్లూ సున్నాలూ గీసిన రోజున జయంత్ నిన్ను స్టేషన్లో దింపి వచ్చాడు. వచ్చి, నవ్వు దాచుకోలేక పెరట్లో పచార్లు చేశాడు. పిల్ల కాదన్నందుకు సంబరపడే పెళ్లికొడుకు ఎక్కడైనా ఉంటాడా? వాడే నిన్ను బతిమాలి చెప్పించాడని ఆ రాత్రే గ్రహించాను. నీరజ పేరు మూడు నెలలకి బయటికొచ్చింది. నువ్వు నింద మీద వేసుకుని నోరెత్తలేదు, నేను అడగలేదు. ఇంట్లో గొడవ లేకుండా ఒక పెళ్లి అయింది. ఆ క్వార్టర్స్‌వాళ్లు మన కంటే వింత మనుషులేమీ కాదు.

అయినా నువ్వు కోడలివై ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఈ ముక్క నీరజకి చూపించకు.

అత్త


విజయనగరం
19 నవంబరు 2024

వసూ,

పూజలయ్యాయి, దీపావళి అయింది, నీ దగ్గర్నుంచి కబురు లేదు. పోస్ట్‌మన్ నన్ను చూస్తే పక్క వీధి నుంచి తిరిగి వెళుతున్నాడు. ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి కదా. రెండు ముక్కలు రాసి పడేయి.

అత్త


కోల్‌కతా
22 డిసెంబరు 2024

అత్తయ్యా,

ఆలస్యానికి తిట్టు, పడతాను. రాద్దామని కూర్చున్నప్పుడల్లా చెప్పడానికి భయం తప్ప ఏమీ ఉండేది కాదు.

వరసగా చెబుతాను. జయంత్ సంగతి ముందు. వాడు స్టేషన్‌కి వెళ్లే దారంతా నాకు దండాలు పెట్టాడు. నీకు తెలియదనుకుని ఇన్నేళ్లూ నీ ఇంటికి వచ్చినప్పుడల్లా దొంగలా కూర్చునేదాన్ని. నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత చాలాసేపు నవ్వాను. కానీ బొమ్మలోని సైన్సు మాత్రం నిజమే సుమా.

ఫారంలో నువ్వన్నట్టే ఉంది, రక్తబంధువా కాదా అని. ఔనని నేనే గుర్తు పెట్టి సంతకం చేశాను. సింహాచలం భర్తగా ఒక శాంపిల్ ఇచ్చాడు. మనోహర్‌గా దాతల జాబితాలో ముందే ఉన్నాడు కాబట్టి ఆ పేరు మీద ఇంకో రోజు వచ్చి ఒక సంచి ఇచ్చాడు. మా టెక్నీషియన్ సమీర రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి, "మేడమ్, ఈ బావాబావమరుదులు అచ్చం కవలల్లా ఉన్నారే" అంది. ఒకే ఇంటివాళ్లు కదా అన్నాను. ఆ మాట కూడా అబద్ధం కాదు. తండ్రికి ఆ గుర్తు లేదని డాక్టరుగారికి కాగితం వెళ్లింది. ముందే ఆపరేషన్ అన్న మాట ఆగిపోయింది.

కానీ ఒక మనిషి దగ్గర ఒకసారికి ఒక్క సంచే తీయాలి. మళ్లీ తీయాలంటే మూడు నెలలు ఆగాలి. ఊరంతటికీ కలిపి మా దగ్గర ఆమెకు సరిపోయే సంచి ఒక్కటే ఉంది. నవంబరు ఆఖర్లో నొప్పులొచ్చాయి. నాకు ఆ గదిలో పనేమీ లేదు, అయినా వెళ్లి నిలబడ్డాను. బిడ్డ పుట్టిన కాసేపటికి, మొదటి కాన్పులో జరిగినట్టే రక్తం పోవడం మొదలైంది. కిరణాల యంత్రంలోంచి తెచ్చిన సంచి వేలాడదీశారు. ఇన్నేళ్లుగా రక్తాన్ని గొట్టాల్లోనే చూశాను, అత్తయ్యా. అది ఒక మనిషిలోకి దిగుతుంటే పక్కన నిలబడి చూడటం ఇదే మొదటిసారి. సంచి ఖాళీ అయ్యేసరికి రక్తం పోవడం ఆగింది. అది ఆగకపోయి ఉంటే మా దగ్గర రెండోది లేదు.

మగపిల్లాడు. బొడ్డుతాడు రక్తం నేనే పరీక్షించాను. ఆ గుర్తు లేదు. అంటే నా ఫ్రీజర్‌లో ఇప్పుడు ముగ్గురి రక్తం ఉంది, ముగ్గురూ ఒకే గదిలో కాపురముండేవాళ్లు.

కుటుంబ వృక్షం గురించి వాళ్లని అడిగాను. పుష్పరాణి మంచం మీద నుంచే వద్దండి అంది. ప్రొఫెసర్‌గారి దగ్గరికి వెళ్లి, కుటుంబం ఒప్పుకోలేదు, తల్లి రక్తం సంగతి వరకే రాస్తాను అని చెప్పాను. ఆయన చాలా చిరాకుపడ్డారు. చిన్న పత్రికలో చిన్న వ్యాసంగా పోతుంది. బాధ లేదని నీతో అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లాను, బస్సెక్కబుద్ధి కాలేదు. కానీ మొన్న సింహాచలం వచ్చి, అలాంటి రక్తం ఎవరికి కావాల్సి వచ్చినా ఏ వేళలోనైనా కబురు పెట్టమని చెప్పి వెళ్లాడు. మేస్త్రీ పేరు రాయిస్తే భయపడి వచ్చిన మనిషి ఇప్పుడు తనంతట తానే వస్తానన్నాడు.

నిన్న పిల్లవాడికి పేరు పెట్టారు. నన్నూ శ్యామసుందర్‌నీ పిలిచారు. క్వార్టర్స్ అంతా వచ్చింది. నన్ను చూసి పారిపోయిన పిల్లలే నాకు కుర్చీ తెచ్చి వేశారు. పున్నమ్మ లడ్డూల పళ్లెం నా ఒళ్లోనే పెట్టేసింది. అప్పలకొండమ్మ మనవణ్ని ఒడిలో వేసుకుని, గోడ మీది ఫోటో వైపు చూస్తూ, వీడికి మావోడి పేరే పెట్టుకుంటానంది. మనోహర్ అని. పుష్పరాణి మొగుడి వైపు చూసింది.

సింహాచలం అత్త పక్కన కింద కూర్చున్నాడు. చాలా మెల్లగా చెప్పాడు.

"ఆ పేరు ఖాళీ నేదత్తా. నాను రిటైరయ్యేదాకా అది ఆఫీసుల ఉండాల."

నేను తల వంచుకున్నాను. ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. దండ వేసిన ఆ తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని చూస్తూ, బిడ్డ వీపు మీద జోకొడుతూ, పరాయి ఊళ్లో కొలువున్న కొడుకు గురించి పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పింది.

"అవును గదా. ఆడు డ్యూటీల ఉన్నాడు."

నీ కోడలు కాలేకపోయిన
వసుధ